టీవీకి వీపు పెట్టి

గుండ్రాయి లేచింది, పడింది. చింతకాయ పగిలింది. నాగులమ్మ బొటనవేలితో గింజను బయటికి నెట్టి, పీచు లాగి పక్కన పడేసి, పండును గంపలో వేసింది. ఇంకో కాయ తీసుకుంది. పొద్దున ఏడు గంటలకు మొదలుపెట్టిన పని. ఎల్లేష్ సేటు ఆటోలో తెచ్చి దింపిన మూడు బస్తాల్లో మొదటిది ఇంకా సగమైనా కాలేదు.

మర్రిగూడలో ఆ వాడలో చింతపండు కొట్టే ఆడవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. వాళ్లంతా ఇళ్ల ముందర నీడ చూసుకుని కూర్చుని, ఊళ్లో ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ ఆడిపోసుకుంటూ కొడతారు. నాగులమ్మ ఒక్కతే ఇంట్లో, ముందరి గదిలో, గోడకు ముఖం పెట్టి కూర్చుంటుంది. ఆమె వెనక, ఎదుటి గోడ మీద పెద్ద టీవీ మోగుతూ ఉంటుంది. మోగే టీవీకి వీపు పెట్టి కూర్చున్న మనిషిని చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? అలిగిందనుకుంటారు. మేనల్లుడు డానియల్ అదే అనుకున్నాడు, అతని భార్య రూప అదే అనుకుంది. నాలుగేళ్లుగా ఆమె అలక మీదే ఉందని నమ్మి, ఎందుకని ఒక్కసారి కూడా అడగకుండా, హాయిగా ఉన్నారు.

నాగులమ్మకు యాభై ఇంకా నిండలేదు. కొత్తవాళ్లు డెబ్బై అంటారు. మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోయి, గడ్డం రొమ్ముకు తగిలేలా తల వంగిపోయింది. వెన్ను గూనిగా లేచింది. మోచేతులు పూర్తిగా చాపుకోవు. పళ్ల మీద గోధుమరంగు చారలు. పక్కకు చూడాలంటే మనిషి మనిషంతా తిరగాలి. చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరైడ్ బోరింగు నీళ్లు ఆమెను అట్లా మలిచాయి. తెలంగాణ వచ్చాక ఇంటింటికీ నల్లా వచ్చింది, నల్లాలో మంచి నీళ్లొచ్చాయి. అప్పటికి ఆమె వంగడం పూర్తయింది.

ఒకప్పుడు ఆమె తన ఈడు ఆడపిల్లలందరికంటే పొడుగు. ఆ పొడుగు ఒక్కదానికే పనికొచ్చింది, టీవీ చూడటానికి. ఊరంతటికీ పటేలు ఇంట్లో ఒకటే టీవీ ఉండేది. ఆదివారం పొద్దున పురాణం సీరియల్ వచ్చే వేళకు ఊరు ఊరంతా అక్కడే. ఈ వాడవాళ్లు గడప దాటి లోపలికి పోకూడదు, వాకిట్లోనే నిలబడాలి. పద్నాలుగేళ్ల నాగులమ్మ అందరి వెనకా నిలబడి, అందరి తలల మీదుగా, కిటికీలోంచి బాణాలు ఎదురెదురుగా వచ్చి గుద్దుకోవడం చూసేది. ప్రార్థన ఎగ్గొట్టి దేవుళ్ల సీరియల్‌కు పోతారా అని పాస్టరు తిట్టేవాడు. తిట్టి, ఇవాళ ఎవరు గెలిచారని మెల్లగా అడిగేవాడు.

పెళ్లిచూపులకు ముగ్గురొచ్చారు. మూడోవాడు మెడ తిప్పమన్నాడు. అంతటితో ఆ ముచ్చట ముగిసింది. ఆ ఏడే తమ్ముడు ఏసోబు దేవరకొండ నుంచి బ్లాక్ అండ్ వైట్ టీవీ ఒకటి బస్సు మీద వేసుకొచ్చాడు. "పెండ్లైతే చెయ్యలేకపోతిమి, ఇదన్న చూడు అక్కా," అన్నాడు. అప్పటి నుంచి నాగులమ్మ బతుకు టీవీ వేళల ప్రకారమే నడిచింది. శుక్రవారం సినిమా పాటలు. సాయంత్రం పొలం ముచ్చట్లు, గుంట భూమి లేకపోయినా ఏ పురుగుకు ఏ మందో ఆమెకు నోటికొచ్చు. తర్వాత, రంగుల టీవీ వచ్చాక, ఒక పిల్ల మైకు పట్టుకుని ఇళ్లకు పోయి ఆడవాళ్లను ప్రశ్నలడిగి చీర పెట్టే కార్యక్రమం. మీ ఆయన మిమ్మల్ని ముద్దుగా ఏమని పిలుస్తాడని ఆ పిల్ల అడిగితే, నాగులమ్మ ఇక్కడ చింతగింజలు ఏరుకుంటూ జవాబు చెప్పేది. ఒక్కో రోజు ఒక్కో జవాబు.

ఆమె మెడ వంగినకొద్దీ టీవీ కిందికి దిగింది. మొదట బల్ల మీద ఉండేది. ఏసోబు దాన్ని ముక్కాలిపీట మీదికి దించాడు. తర్వాత చెక్కపీట మీదికి. చివరికి నేల మీదనే పెట్టాడు. ఇంటికొచ్చినవాళ్లు ఇదేం చోద్యమని నవ్వితే, "మా అక్క చూపు ఆడిదాకనే ఆనుతది," అనేవాడు. ఆమెను ఆమెగా చూసిన మనిషి ఈ భూమ్మీద అతనొక్కడే. అతను పోయిన ఏడాదికి అతని కొడుకు డానియల్ కొత్త టీవీ తెచ్చాడు. దుమ్ము పడొద్దని, వచ్చినవాళ్లకు వాకిట్లోంచే కనబడాలని, దూలానికి జానెడు కింద గోడకు బిగించాడు.

"జర కిందికి పెట్టరాదుర డానియలూ," అందామె ఆ రోజు.

"నీ ఒక్కదాని కోసం గోడ మళ్ల తొల్వాల్నా అత్తా? సీరియల్ అంటే మాటలే గదా, ఇంటే సరిపోతది," అన్నాడు. రూప కిసుక్కుమంది. నాగులమ్మ మళ్లీ అడగలేదు. అడిగితే ఏం పోయేదని మీకూ నాకూ అనిపిస్తుంది. ఆమె దగ్గర అడగకుండా ఉండటం తప్ప వేరే ఆస్తి లేదు.

నెల రోజులు వినడంతోనే సరిపెట్టుకుంది. ఒకరోజు పళ్లెం తోముతుంటే అందులో ఏదో వెలుగు కదిలింది. పళ్లెం కొంచెం వంచింది. అందులో ఒక ఆడమనిషి ఏడుస్తోంది. అంతే. మరునాటి నుంచి నాగులమ్మ టీవీకి వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టింది. ఏసోబు ఎప్పుడో కొనిచ్చి, అంచు మీద ఆమె పేరు చెక్కించిన పెద్ద స్టీలు పళ్లెం అది. చింతపండు పీచుతో, బూడిదతో రోజూ తోమి తోమి అద్దం చేసింది. దాన్ని బస్తాకు ఆనించి పెడితే, భుజం మీదుగా వెనక టీవీ అందులో పడుతుంది. ముఖాలు కొంచెం సాగుతాయి. అందరూ ఎడమ చేత్తో అన్నం తింటారు, తాళి కూడా ఎడమ చేత్తోనే కడతారు. దానికామె ఎప్పుడో అలవాటుపడింది.

ఆ పళ్లెంలోనే ఆమె వకుళను చూస్తోంది. వకుళ ఆమె చూసే సీరియల్లో కోడలు. ఏడేళ్లుగా చూస్తోంది. అందులో మూడేళ్లు నేల మీది టీవీలో, మిగతావి పళ్లెంలో. దొంగదని ముద్రవేసి అత్త ఇంట్లోంచి గెంటేసిన నాటి నుంచి వకుళ ఆ ఇంటి గేటు బయటే నిలబడి ఉంది. నాగులమ్మ మంచిదేం కాదు. వకుళ అత్త తిట్టే తిట్లు నేర్చుకుని, రూపను గొంతులోనే తిట్టేది. కానీ ఆ అత్త ఒక్కసారి వకుళను బిడ్డా అని పిలిస్తే చాలనుకునేది. అట్లా పిలిచే రోజు చూసి పోతే చాలనుకునేది. ఆ రోజు ఇవాళ. సాయంత్రం ఏడున్నరకు ఆఖరి భాగం.

నాలుగింటికే పళ్లెం తోమి, కొంగుతో తుడిచి, బస్తాకు ఆనించింది. ఆరు దాటాక రూప అన్న దివాకర్ ఆలేరు నుంచి పెళ్లాం పిల్లలతో దిగాడు. వంటింట్లో మటన్ ఉడుకుతోంది. రూప వచ్చి నాగులమ్మ ముందు నిలబడింది. నాగులమ్మకు ఆమె కాలిమెట్టెలు కనబడ్డాయి.

"పెద్దమ్మా, గా ప్లేటు ఇటియ్యి. ఒకటి తక్కువ పడ్డది."

నాగులమ్మ చెయ్యి పళ్లెం మీద పడింది. "ఎనిమిదింటికి తీస్కో బిడ్డా."

"ఎనిమిదిందాక అన్నను ఉపాసం పండవెట్టాల్నా? గంత పనేమున్నది దాంతోని?"

చెప్పాలనే అనుకుంది. మాట నాలుక దాకా వచ్చింది కూడా. వెనక దివాకర్ దేనికో పకపకా నవ్వాడు. ఈ మాట కూడా ఆ నవ్వులో కలుస్తుందని ఆమెకు అర్థమైంది.

"పండు మీద ఈగలు వాల్తయ్. మూత కావాలె," అంది.

రూప పళ్లెం లాక్కుని, బదులుగా ఎర్ర ప్లాస్టిక్ టబ్బు తెచ్చి గంప మీద బోర్లించి పోయింది.

ఏడున్నరకు అందరూ గదిలోనే తింటూ కూర్చున్నారు. రూప వకుళ సీరియల్ పెట్టింది. నాగులమ్మ గోడను చూస్తూ విన్నది. దవాఖాన వరండా అని తెలిసింది. అత్త గొంతు, కొడుకు గొంతు, నిజం బయటపడటం, అంతా మాటల్లోనే తెలిసింది. వకుళ పరుగెత్తుకొచ్చిన అడుగుల చప్పుడు వినబడింది. ఆ తర్వాత మాటలు ఆగిపోయాయి. ఒట్టి సంగీతం. వీణ, వయొలిన్, మళ్లీ వీణ. ముఖాలు చూపిస్తున్నారన్నమాట. మాటలన్నీ విన్నవాళ్లకు కూడా అసలు సంగతి ముఖాల్లోనే ఉంటుంది. ఎంతకీ సంగీతమే. ఛట్, ఛట్ అని రెండు చప్పుళ్లయ్యాయి. మళ్లీ సంగీతం. పాట మొదలైంది.

నాగులమ్మ రెండు చేతులూ నేలకు ఆనించి మొత్తం మనిషి తిరగడం మొదలుపెట్టింది. తిరగలి తిరిగినట్టు, కొంచెం కొంచెంగా. పూర్తిగా తిరిగేసరికి ఆమెకు కనబడినవి అందరి పాదాలు, గోడ అడుగుభాగం, పైనుంచి వేలాడుతున్న నల్ల వైరు.

"ఏమాయె?" అంది. "అత్త ఏం జేసింది?"

ఒక్క క్షణం ఎవరూ నమ్మలేదు. తర్వాత అందరూ ఒకేసారి నవ్వారు.

"నాలుగేండ్ల సంది వీపు వెట్టి, ఇయ్యాల అడుగుతాంది!" అన్నాడు డానియల్.

దివాకర్ మటన్ బొక్క చీకి, ఆమె పళ్లెంలో పడేశాడు. "అత్త రెండు గుద్దింది, కోడలు సచ్చింది. పీడ పోయింది పెద్దమ్మా, ఇగ పండుకో."

"ఏ, ఊకో అన్నా," అంది రూప నవ్వుతూనే. అంతకుమించి చెప్పలేదు. నోట్లో ముద్ద ఉంది. డానియల్ క్రికెట్ పెట్టాడు.

నాగులమ్మ విస్తరాకులో రెండు ముద్దలు తిని, "నాకెర్కే, గట్లనే అయితదని," అంది. ఎవరితో అందో ఎవరూ పట్టించుకోలేదు.

మరునాడు పొద్దున పళ్లెం తిరిగొచ్చింది. చుట్టాలను సాగనంపే హడావుడిలో రూప దాన్ని కడిగి ఆమె ముందు పెట్టింది. చేతి అలవాటు కొద్దీ నాగులమ్మ దాన్ని బస్తాకు ఆనించింది. పదింటికి రూప ఛాయ్ గ్లాసు పక్కన పెట్టింది. పన్నెండింటికి చూస్తే ఛాయ్ మీద మీగడ కట్టింది. "తాగకపోతే చెప్పొద్దా, పాలు పుణ్యానికొస్తున్నయా?" అని కసిరి గ్లాసు తీసుకుపోయింది. రెండింటికి డానియల్ అన్నానికొచ్చి భుజం తట్టాడు. ఆమె కూర్చున్న తీరునే పక్కకు ఒరిగింది. గుండ్రాయి చేతిలోనే ఉంది. బతికున్నప్పుడూ అట్లాగే వంగి ఉండేది గనక, ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియలేదు.

గూని అడ్డుపడి పెట్టె మూత పడలేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టారు. "సావుల గూడ వీపే వెట్టింది," అన్నారెవరో. సమాధుల దగ్గర గనక నవ్వు ఆపుకున్నారు.

ఆదివారం ప్రార్థన కూడిక పెట్టుకున్నారు. అదయ్యాక వచ్చినవాళ్లకు భోజనాలు. పిల్లలు గోల చేస్తుంటే డానియల్ టీవీ పెట్టి, చావు ఇల్లని దాని శబ్దం తీసేశాడు. వకుళ ఆఖరి భాగం మళ్లీ వేస్తున్నారు. సగం మిగిలిన బస్తా గోడ దగ్గర అట్లాగే ఉంది, ఎల్లేష్ సేటు ఇంకా తీసుకుపోలేదు. దానికి ఆనించిన పళ్లెమూ అట్లాగే ఉంది. అందులో అత్త ఎడమ చేత్తో తన చెంపల మీద తానే రెండు దెబ్బలు వేసుకుంది, వకుళను దగ్గరికి లాక్కుని, నోరు తెరిచి బిడ్డా అంది. అందరూ తలలెత్తి పైన టీవీ చూస్తూ తింటున్నారు. పళ్లెం అంచు మీద చెక్కిన నాగులమ్మ పేరు చుట్టూ, దివాకర్ తిన్న నాటి మటన్ నూనె సన్నటి గీతలా ఇంకా అంటుకునే ఉంది.