అందరూ వింటుండగా అడిగిన మాట

ఈజిప్టులోని మన్సూరా ఊళ్లో ఒక సందులో ఇన్షిరాహ్ మందుల షాపు పెట్టి ఇరవై ఆరేళ్లయింది. డాక్టరు దగ్గరికి పోయేముందు జనం ఆమె దగ్గరికే వచ్చేవారు, ఆమెనే డాక్టరమ్మా అని పిలిచేవారు. కౌంటరు చివర, అలమార పక్కన నిలబడి, ఎవరికీ చెప్పుకోలేనివన్నీ ఆమె చెవిలో చెప్పుకునేవారు. మహమ్మారి వచ్చాక గుమ్మానికి అడ్డంగా తాడు కట్టక తప్పలేదు. ఇప్పుడు ఏ బాధయినా తాడు అవతలనుంచి, మాస్కులోంచి, వీధంతా వినేలా అరిచి చెప్పాలి.

ఆ ఉదయం తఫీదా వచ్చింది. ఆమె భర్త షెహాతాది సందు చివర ఇస్త్రీ కొట్టు. వారం రోజులుగా తలుపు తియ్యలేదు.

"దగ్గు మందివ్వు డాక్టరమ్మా. మా చెల్లెలి మరిదికి."

"వాళ్ల ఊళ్లో షాపుల్లేవా పెద్దమ్మా?" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"ఉంటే మాత్రం? మన డాక్టరమ్మ హస్తవాసి వాళ్లకెక్కడిది!" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

తఫీదా కళ్లు చూడగానే ఆ మరిది ఎవరో ఇన్షిరాహ్‌కు అర్థమైంది. గాభరాలో నోరు జారింది.

"షెహాతా బాబాయికి ఆయాసంగా ఉందా పిన్నీ?"

నవ్వులు ఆగిపోయాయి. వెనకనున్నవాళ్లు నాలుగడుగులు దూరం జరిగారు.

"ఆయనకేం? గుండ్రాయిలా ఉన్నాడు," అంది తఫీదా. మందు తీసుకోకుండానే వెళ్లిపోయింది.

ఇన్షిరాహ్ మూడుసార్లు ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నం షాపు మూసేసి, వాళ్ల మేడమీది కిటికీ కింద నిలబడి పిలిచింది. చాలాసేపటికి కిటికీలోంచి తాడుతో బుట్ట దిగింది. మందు సీసా అందులో పెట్టింది.

"తప్పు నాదే పిన్నీ, తర్వాత తిట్టుకో. ముందు ఆయన ఛాతీ చూస్తూ ఊపిరి లెక్కపెట్టు. నేను గడియారం చూస్తాను."

పైనుంచి లెక్క మొదలైంది. నిమిషం నిండేసరికి ముప్పై ఎనిమిది, ఉండాల్సినదానికి రెట్టింపు.

"అంబులెన్సును పిలుస్తాను."

"నన్ను కూడా ఎక్కనిస్తారా?"

ఇన్నేళ్లలో ఇన్షిరాహ్ ఎన్ని అబద్ధాలు చెప్పలేదు! సూది నొప్పి పుట్టదంది, చేదు మందు తియ్యగా ఉంటుందంది. ఈ ఒక్కటీ గొంతు దాటలేదు. పక్క సందులోంచి అంబులెన్సులో తీసుకెళ్లిన మనిషిని ఇంటివాళ్లు మళ్లీ చూడనేలేదు. ఆఖరి స్నానం కూడా పరాయి చేతులే చేయించాయి.

"ఎక్కనివ్వరు పిన్నీ."

"అయితే వద్దు. నలభై నాలుగేళ్లు నా చేతి రొట్టె తిన్న మనిషిని, ఏ గదిలో పెట్టారో కూడా తెలియకుండా ఎట్లా పంపను?"

"పంపకపోతే చచ్చిపోతాడు!"

అరిచాక గాని తెలియలేదు, ఎంత గట్టిగా అరిచిందో. ఎదుటి ఇళ్ల కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

అయినా అంబులెన్సు నంబరు నొక్కింది. అవతల మోగుతూనే ఉంది.

"డాక్టరమ్మా, ఉన్నావా? ఊపిరి తేలిగ్గా ఆడేలా ఏదైనా చెప్పవూ!"

"బోర్లా పడుకోబెట్టు. ఛాతీ కింద దిండు పెట్టు."

పైన మంచం కిర్రుమంది. దగ్గు తెర తెరలుగా వచ్చి ఆగింది.

"పెట్టాను. తర్వాత?"

చెవి దగ్గర ఫోను ఇంకా మోగుతూనే ఉంది. ఇన్షిరాహ్‌కు తెలిసిన వైద్యం అక్కడితో అయిపోయింది.

"దిండు సర్దు పిన్నీ," అంది. "ఇంకాస్త పైకి సర్దు."