నీళ్లకింద పచ్చచుక్క

పన్నెండేళ్లుగా ఆండాళు ఆ నీళ్ల మొహం చూడలేదు. మొగుడు పట్టిన చేపలను కోదాడలో అమ్ముకొచ్చేది, అడ్డంగా బేరమాడినవాళ్లను నోటితోనే కడిగిపారేసేది. రేవు దగ్గరికి మాత్రం ఛస్తే వచ్చేది కాదు. జలాశయంలో మునిగిన పాత ఊళ్లో, ఇంటి వెనక దిబ్బ మీద ఆమె కూతురు తార ఉంది. ఏడేళ్లప్పుడు జ్వరమొచ్చి పోతే అక్కడే పూడ్చారు. ఊరు ఖాళీ చేసిననాడు గడపలు, దూలాలు కూడా లారీలకెక్కించుకున్నారు గానీ పిల్లను తెచ్చుకోలేకపోయారు.

ఈరోజు రాక తప్పలేదు. తెల్లవారకముందే వలలు తీయడానికి వెళ్లిన మొగుడు కొండల్ ఎనిమిదైనా తిరిగి రాలేదు. చాచిన చెయ్యి కనపడనంత పొగమంచు. ఫోను కలవడం లేదు.

"పరేషాన్ గాకు వదినె, గీ ట్యాబుల సూడు," అన్నాడు ఆమెను ఎక్కించుకుని ఇంజను పడవ నడుపుతున్న పాండురంగం. అతను చేపల సంఘానికి పెద్ద. మంచులో పడవలు ఒకదానికొకటి గుద్దుకోకుండా అన్నిటికీ సబ్బుపెట్టెంత డబ్బాలు బిగించారు. ఏ పడవ ఎక్కడుందో ట్యాబులో పచ్చచుక్కగా కనిపిస్తుంది. "గదే కొండల్‌ది. కదుల్తనే ఉన్నది."

కదులుతున్న మాట నిజమే. కానీ పడవ కదిలే తీరు కాదది. తిన్నగా కొంత పోయి ఆగుతోంది, మూల తిరిగినట్టు పక్కకు మళ్లుతోంది. ట్యాబులో అంతా నీలమే. అయినా దాని అంచున కనిపిస్తున్న ఒడ్డు గుట్టను బట్టి ఆండాళు పోల్చుకుంది. నేరేడుచర్ల బస్సు ఆగే చోటు. బడి. బడి పక్క సందు.

"మన పాతూరి సందులల్ల తిరుగుతున్నది," అంది.

అంతలో ఎదురు దిక్కు నుంచి కేక వినిపించింది. దగ్గరికి పోయి చూస్తే, నీళ్లలోంచి పొడుచుకొచ్చిన తాటిమొద్దుకు పడవ కట్టేసి, కొండల్ నిక్షేపంగా కూర్చున్నాడు. ఆండాళు ఏడుస్తూనే నాలుగు తిట్టింది.

"నీ డబ్బా ఏదిరా?" అన్నాడు పాండురంగం.

"వల గుంజుతుంటే ఊడి నీళ్లల్ల పడ్డది. రెండు గంటలైతుంది."

"నీళ్లల్ల పడ్డంక సిగ్నల్ రాదు గదరా!"

పాండురంగం ఇంజను ఆపేశాడు. ముగ్గురూ ట్యాబు మీదికి వంగారు. చుక్క సందులో ఇంటింటి ముందూ ఆగుతోంది. కొత్త బొమ్మ దొరికిన పిల్ల ఊరందరికీ చూపించుకుంటున్నట్టుంది. చివరికి వాళ్ల ఇంటి దగ్గరికొచ్చి చాలాసేపు అక్కడే ఉండిపోయింది. ఆండాళు వేలితో ఆ చుక్కను నిమిరింది.

చుక్క మళ్లీ కదిలింది. ఆనాడు లారీలు ఎక్కివచ్చిన బాట పట్టి, ఒడ్డు వైపు గబగబా వస్తోంది.

"ట్యాబు బంద్ చెయ్యి పాండురంగం, నీకు దండం పెడ్త," అన్నాడు కొండల్.

ఆండాళు ట్యాబును లాక్కుని గుండెకు హత్తుకుంది.

"ఒడ్డుకు తిప్పు. జల్ది తిప్పు. దానికి మన కొత్త ఇల్లు తెల్వదు."