జుల్మా ఆటకు రాకూడదు

మా తమ్ముడు ఎబెర్ ఫుట్‌బాల్ ఆడని దేశం లేదని మా పేటలో గొప్పలు పోతారు. అంతా వట్టిది. అర్జెంటీనాలో ఆడలేదు, బ్రెజిల్లో ఆడలేదు. పెద్ద జట్లవాళ్ళు వాణ్ణి ఎప్పుడూ పిలవలేదు. చిలీ, ఈక్వడార్, గ్వాటెమాలా, మెక్సికో, సైప్రస్, గ్రీసు... ఎక్కడ మైదానంలో గడ్డి కంటే రాళ్ళెక్కువో అక్కడల్లా ఆడాడు. మోకాళ్ళు అరిగాక కోచ్ అవతారమెత్తి బొలీవియా, హోండురస్ తిరిగాడు. ఒక జట్టును పైకి లేపడం, ఇంకో జట్టును ముంచడం, పెట్టె సర్దుకోవడం. ఇదీ వాడి బతుకు.

ఇంత తిరిగినవాడి ఆట నేను ఒక్కటంటే ఒక్కటి చూడలేదు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే. మీసాలు సరిగ్గా మొలవకముందే రాజధాని మాంటెవీడియో జట్టువాళ్ళు ఎత్తుకుపోయారు, అక్కణ్ణుంచి చిలీ వాళ్ళు. నేను ఇక్కడ మా ఊరు పైసాందూలో కుట్టుమిషను ముందు ఉండిపోయాను. వాడు ఆడిన ఆటలు మా టీవీలో వచ్చేవి కావు. ఫోటోలు పంపేవాడు. ప్రతి ఫోటోలోనూ వెనక వరసలో నిలబడి కళ్ళు మూసుకునే ఉంటాడు, సన్నాసి.

అలాంటివాడు యాభై దాటాక, చలికాలంలో, మా సలదేరో పేట క్లబ్బుకే కోచ్‌గా వచ్చాడు. అప్పటికి క్లబ్బు పట్టికలో అడుగున ఉంది. ఈ ఏడు గనక కింది డివిజన్‌కి జారితే తలుపులు మూసుకోవడమేనని అందరికీ తెలుసు. నాకు మాత్రం కొండంత సంబరం. మా వీధి చివర, మా మైదానంలో, జనమంతా వాడి పేరు పెట్టి అరుస్తుంటే అంచు గీత దగ్గర నిలబడ్డ మా తమ్ముణ్ణి చూస్తాను కదా! క్లబ్బు రంగని ఎర్ర గౌను కొత్తది కుట్టుకుని మొదటి వరసలో కూర్చున్నాను. నాలుగు గోల్స్ తేడాతో చిత్తుగా ఓడారు. సాయంత్రం గాలికి నా కళ్ళు మసకబారి వాడు సరిగ్గా ఆనలేదు కూడా. పోనీలే, వచ్చే ఆటకి అనుకున్నాను. ఆ వచ్చే ఆటలో గోరుచుట్టు మీద రోకలిపోటులా వాన, పొగమంచు. అవతలి గట్టు కూడా కనపడలేదు. మా గోల్‌కీపరు బంతిని తన వలలోకి తానే తోసుకున్నాడు. మూడో ఆటకి జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్నాను. గెలిచారు.

మర్నాడు జట్టు బట్టలు చూసే ముసలి ఫెర్మీన్ చినిగిన చొక్కాలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"జ్వరం తగ్గిందా జుల్మా?"

"తగ్గింది."

"అయ్యో!"

"అయ్యో ఏంటి ముసలాడా?"

"కోప్పడకమ్మా. నువ్వొచ్చిన రెండూ పోయాయి. రానిది గెలిచాం."

"అంటే నాది ఐరన్ లెగ్గంటావా?"

"ఛ ఛ, నేనంటానా? బేకరీలో అంటున్నారు."

వాడి మొహాన చొక్కాలు విసిరికొట్టాను. కానీ ఏం లాభం, నేనూ ఈ పేటలో పుట్టినదాన్నే. మా మేనమామ మరుగుదొడ్లో ఉండగా మా వాళ్ళు గోలు కొట్టారని, ఆట అయ్యేదాకా మా అత్త బయట గడియ పెట్టేసింది. ఆయన లోపలే కూర్చుని గెలుపు విన్నాడు. సెంటిమెంటంటే మాకు అంత. ఫెర్మీన్ నా ముఖం మీద అన్నది నేను నా లోపల అప్పటికే అనుకున్నాను, అదే నా కోపం.

సాయంత్రం తమ్ముడొచ్చాడు. మాతే ఆకుల టీ కలిపి ఇచ్చాను. గొట్టంతో పీలుస్తూ కూర్చున్నాడు, నా వైపు చూడడు.

"అక్కా, నీకు చలి పడదు కదా..."

"సూటిగా ఏడు."

"రాకే. ఈ ఒక్క ఏడాదికి రాకు. నాకు నమ్మకం ఉందా లేదా అని కాదు, కుర్రాళ్ళు భయపడుతున్నారు. నిన్ను చూస్తే వాళ్ళకి కాళ్ళు ఆడట్లేదు."

"నేనేమన్నా దెయ్యాన్నట్రా?"

"వచ్చే ఏడు ప్రతి ఆటకీ రా. నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తా."

"సరే పో" అన్నాను. వచ్చే ఏడు అన్న మాట గుండెలో ముల్లులా దిగింది. షుగరు నా కళ్ళకెక్కి అప్పటికే చాన్నాళ్ళయింది. గుడ్డి కన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే అంటారే, కుడిది అప్పటికే ఆ బాపతు. రెండో కన్ను కూడా వేసవి దాటదని మాంటెవీడియో డాక్టరు చెప్పేశాడు. ఈ సంగతి తమ్ముడికి చెప్పలేదు. చెబితే మరుక్షణం నన్ను భుజాన వేసుకుని మైదానానికి తీసుకుపోతాడు, ఓడిపోతారు, క్లబ్బు మూతపడుతుంది. ఊరూరా తిరిగి చివరికి సొంత పేటనే ముంచాడన్న మాట వాడికి నా మూలంగా రావాలా? రానివ్వను.

ప్రాక్టీసుకెళ్ళి చూడొచ్చుగా అనొచ్చు మీరు. పెళ్ళి చూడాలన్నవాళ్ళకి పందిరి గుంజలు చూపించినట్టుంటుంది. పైగా అక్కడ ఫెర్మీన్ నన్ను చూసి శిలువ గుర్తు వేసుకుంటాడు.

అలా నెలలు గడిచాయి. ఆట రోజున రేడియో పెట్టుకుని మిషను ముందు కూర్చునేదాన్ని. సూదిలో దారం ఎక్కక తిట్టుకునేదాన్ని. వాళ్ళు ఓ ఆట గెలుస్తూ, ఓ ఆట పోగొట్టుకుంటూ నెట్టుకొస్తున్నారు. ఓ రోజు తమ్ముడు తన చొక్కా ఎగాదిగా చూసుకున్నాడు.

"ఇదేంటే, నల్ల బొత్తానికి పచ్చ దారం వేశావ్?"

"ఫ్యాషన్‌రా. గ్రీసులో ఉండొచ్చావు, ఇదీ తెలీదా?"

నవ్వి తొడుక్కుని పోయాడు. నేను తలుపు వేసుకుని ఏడ్చాను.

డిసెంబరులో, మాకు ఎండలు మండే కాలంలో, చివరి ఆట, రివేరా ఊరి జట్టుతో. గెలిస్తే క్లబ్బు ఉంటుంది, లేకపోతే లేదు. ఆ వారం లేచేసరికి రెండో కంట్లో కూడా నూనె కాగితం అడ్డం పెట్టినట్టయింది. రంగులు తెలుస్తున్నాయి, మనుషుల మొహాలు తెలియడం లేదు. ఇంక ఇదే ఆఖరు అని అర్థమైపోయింది. వెళ్తే ఓడతారు. వెళ్ళకపోతే నేను చచ్చేదాకా వాణ్ణి చూడను. రెండు రోజులు అన్నం సహించలేదు.

చివరికి నాకో ఉపాయం తట్టింది. ఐరన్ లెగ్గు ఎవరి పక్కన ఉంటే వాళ్ళకే కదా తగిలేది? బస్టాండు దగ్గర రివేరా వాళ్ళ పచ్చ టోపీ కొన్నాను. చిన్నప్పటినుంచీ ఎర్ర రంగు తప్ప కట్టనిదాన్ని, ఆ దరిద్రపు టోపీ నెత్తిన పెట్టుకుని, చెంపలు కప్పుకుని, మా వాళ్ళంతా లోపలికి పోయి వీధి ఖాళీ అయ్యేదాకా ఆగి, వెనక గేటు నుంచి రివేరా వాళ్ళ మధ్యకి వెళ్ళి కూర్చున్నాను. అప్పటికే ఆట మొదలై కొంతసేపయింది. మా వాళ్ళు ఎందుకో రిఫరీని వాళ్ళమ్మ దాకా వెళ్ళి తిడుతున్నారు. అదేం కొత్త కాదు, రోజూ తిట్టేదే.

అవతలి గట్టున కనిపించాడు. ఒంటె రంగు ఉన్ని కోటు. ఆ కోటు సంగతి పైసాందూలో తెలియనివాళ్ళు లేరు. నాకు జ్వరం వచ్చి, వాళ్ళు మొదటిసారి గెలిచిన రోజున వేసుకున్నాడు, అంతే, ఇక విప్పడానికి లేదు. ఎండలు మండిపోతున్నా అందులోనే ఉడికిపోతూ నిలబడాలి.

మొహం కనబడలేదు. కనబడకపోతేనేం! అటు నడిచాడు, ఇటు నడిచాడు. చెయ్యెత్తి కుర్రాళ్ళని ముందుకు తోశాడు. బంతి పక్కకి పోతే నెత్తిన చేతులు పెట్టుకుని చతికిలబడ్డాడు. ఎడమ భుజం కాస్త వాల్చి నడుస్తున్నాడు. అచ్చం మా నాన్న నడక! ఇన్నేళ్ళలో నేనెప్పుడూ గమనించలేదేమిటా అనుకున్నాను. జనం "ఎబెర్! ఎబెర్!" అని హోరెత్తిస్తున్నారు. మా అమ్మ ఉంటే ఎంత పొంగిపోయేదో. ఆట ఏమవుతోందో నాకు పట్టలేదు, ఆ కోటు మీంచి చూపు తిప్పలేదు. మా వాళ్ళు గోలు కొట్టినప్పుడు చుట్టూ రివేరా వాళ్ళు తలలు పట్టుకుంటే, నేను టోపీ నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

"ఊరుకో పెద్దమ్మా, ఇంకా టైముందిలే" అని పక్కనున్న రివేరా ఆయన నా వీపు నిమిరాడు.

టైము సరిపోలేదు వాళ్ళకి. గెలిచాం. నేను గోడలు పట్టుకుని పరుగులాంటి నడకతో ఇల్లు చేరి, టోపీ పొయ్యిలో పడేశాను. బతుకులో ఏ లోటూ లేనట్టు అనిపించింది. ఇంక కళ్ళు పోతే పోనీ అనుకున్నాను, ఒట్టు.

పొద్దుగూకేవేళకి సగం పేటని వెంటేసుకుని తమ్ముడొచ్చాడు. గొంతు పోయింది. నన్ను ఎత్తి గిర్రున తిప్పాడు.

"గెలిచామే అక్కా! విన్నావా రేడియోలో?"

"విన్నాన్రా."

"నన్ను గెంటేసినప్పుడు భయపడ్డావా?"

"ఎవరు... ఎప్పుడు?"

"ఆ రిఫరీ గాడు! ఆట మొదలవగానే పెనాల్టీ ఇవ్వవేంరా అన్నందుకు ఎర్ర కార్డు చూపించాడుగా. ఆటంతా బట్టలు మార్చుకునే గదిలో తువ్వాలు నెత్తినేసుకుని కూర్చున్నా. కిటికీ కూడా లేదక్కడ. సలదేరో అంతా చూసింది, చూడనిది నువ్వూ నేనే!"

అందరూ గొల్లున నవ్వారు.

"మరి... నీ కోటేదిరా?"

"కోటు గీత దగ్గర లేకపోతే కొంప మునగదూ? ఆదెమార్‌కి తొడిగి పంపా."

వాడి సహాయకుడు ఆదెమార్ వెనకనుంచి అన్నాడు, "ఒళ్ళంతా చెమటకాయలు అక్కా, చూడు! నీ తమ్ముడు దీన్ని ఎలా భరించాడో!"

నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను. జున్ను కోసుకొస్తానని వంటింట్లోకి వెళ్ళి, గట్టు పట్టుకుని నిలబడ్డాను. దేవుడా, నీకు నేనేం ద్రోహం చేశానని అడిగాను. బయట వాళ్ళు పాటలు పాడుతున్నారు.

ఫిబ్రవరిలో కార్నివాల్ పండగ నాటికి దాచడం నా వల్ల కాలేదు. మాతే గిన్నెలో పోయాల్సిన వేడినీళ్ళు వాడి చేతిమీద పోశాను. నా మొహం ముందు వేళ్ళు ఆడించి చూశాడు. తర్వాత నా ఒళ్ళో తలపెట్టుకుని, యాభై దాటినవాడు, చిన్నప్పుడు అమ్మ పోయిననాడు ఏడ్చినట్టు ఏడ్చాడు.

"చెప్పి చావొచ్చుగా! నెత్తిన పెట్టుకుని తీసుకెళ్ళేవాణ్ణి. ఓడితే ఓడేవాళ్ళం!"

"అందుకే చెప్పలేదు."

"ఒక్కసారన్నా నన్ను చూడలేదు కదే నువ్వు..."

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. పచ్చ టోపీ సంగతి చెబితే, ఆ గదిలో తువ్వాలు కప్పుకుని కూర్చున్నందుకు వాడు జీవితాంతం తనని తాను తిట్టుకుంటాడు. మింగేశాను.

"రేడియోలో విన్నాగా, చాల్లే. లే, ముక్కు తుడుచుకో" అన్నాను.

ఇప్పుడు వాడు పెరూలో ఉన్నాడు. వెళ్ళనన్నాడు, నేనే తిట్టి పంపాను. ఆట రోజున మైదానం నుంచి హోరు వినపడితే మిషను మీద చేతులు పెట్టుకుని కూర్చుంటాను. నా తమ్ముణ్ణి గీత దగ్గర తలుచుకోబోతాను. ఒంటె రంగు కోటు వస్తుంది, నాన్నలా భుజం వాల్చి నడుస్తుంది, జనం ఎబెర్ ఎబెర్ అంటారు. ఎంత తోసేసినా అదే వస్తుంది. ఆదెమార్ మంచివాడే పాపం, ఆదివారం పూట నాకు రొట్టె తెచ్చిస్తాడు, అక్కా అని పిలుస్తాడు. కానీ నా తమ్ముడు కాడుగా.