రెండు వరసల కుట్టు

తండ్రి దగ్గర బిడ్డకు భయం లేదని కోర్టు రాసింది. తల్లిని కొట్టిన చెయ్యి బిడ్డ మీదికి లేవదట. ఆ రాత తప్పు. అది తప్పని చూపడానికి టైలరు దగ్గర రుజువు లేదు.

భార్య పోయాక అతనికి మిగిలింది కూతురూ, ఆరేళ్ల మనవరాలూ. మొగుడి దెబ్బలు పడలేక కూతురు పుట్టింటికి వచ్చి ఏడాదయింది. ఆదివారాలు మాత్రం పిల్లను తండ్రి దగ్గరికి పంపాలి. సాయంత్రం అల్లుడు గుమ్మం దాకా తెచ్చి దించుతాడు. "ఒంట్లో బాగుంటోందా మావయ్యగారూ?" అంటాడు. ఆ మర్యాదే టైలరుకు గిట్టదు. వాడు వీధి మలుపు తిరగగానే పిల్లను లైటు కింద నిలబెట్టి ఎగాదిగా చూస్తాడు.

"ఏంటి నాన్నా, దొంగసరుకు పట్టుకున్నట్టు ఆ తనిఖీ!" అని కూతురు విసుక్కుంటుంది.

ఒక ఆదివారం పిల్ల ఒంటి మీది గౌను ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది. పొద్దున వేసుకెళ్లిన గౌనే. తన చొక్కా తాను మడత పెట్టుకోని మనిషికి ఇంత శుభ్రం ఎక్కణ్నుంచి ఊడిపడింది? పిల్ల బట్టలు మార్చుకున్నాక టైలరు గౌను తిరగేశాడు. తాను కుట్టిందే. చంక దగ్గర అతను ఎప్పుడూ రెండు వరసలు వేస్తాడు. ఎడమ చంకలో ఒక్క వరసే ఉంది. దారమూ తనది కాదు.

"తలుపు గడియకి తగిలింది తాతా. ఎవ్వరూ ఏం చెయ్యలేదు" అంది పిల్ల.

అతను ఇంకా ఏమీ అడగనే లేదు.

మర్నాడు పిల్లనూ కూతురినీ వెంటబెట్టుకుని, కోర్టు నియమించిన ఆఫీసరమ్మ టేబుల్ మీద ఆ గౌను పరిచాడు.

"కుట్టు చూసి ఎవరి పనో చెప్పేస్తారా పెద్దాయనా?" అని ఆమె నవ్వింది.

"ఎవరి పనో చెప్పను. ఎటు గుంజారో చెప్తాను. గడియకి తగిలితే బట్ట చిరుగుతుంది తల్లీ, కుట్టు ఊడదు. చెయ్యి పట్టి వెనక్కి ఈడిస్తేనే ఇక్కడ ఊడుతుంది. ఈ పోగులు చూడండి, అన్నీ వెనక్కే సాగాయి."

ఆమె నవ్వు ఆగింది. అందరినీ బయటికి పంపి పిల్లతో గంటసేపు మాట్లాడింది. భుజం చూసింది. రాత్రి కనపడని వేళ్ల గుర్తులు అప్పటికి నల్లబడ్డాయి. ఆ వారమే కోర్టు ఆర్డరు మార్చింది. ఇకమీదట తండ్రి పిల్లను చూడాలంటే ఆఫీసులోనే, ఆమె ఎదుటే.

ఆర్డరు చేతికొచ్చిన రోజు కూతురు మిషను పక్కన కూర్చుంది.

"ఒక్క కుట్టు చూసి ఇంత కనిపెట్టావు. నా జాకెట్ల చంకలు మూడుసార్లు కుట్టిచ్చావు కదా నాన్నా. గడియకి తగిలిందనే నేనూ చెప్పాను."

టైలరు తల ఎత్తలేదు. పోగులు ఎటు సాగాయో అప్పుడూ చూశాడు. రంగు కలిసే దారం వెతికి కుట్టి, ఇస్త్రీ చేసి, జాకెట్టుతో పాటు కూతుర్నీ ఆ ఇంటికే తిప్పి పంపాడు.

"ఆ మాట ఇంకోసారి ఎత్తకు" అన్నాడు. "నేనూ ఎత్తను. చచ్చేదాకా."