ఎడమ చెంప

మట్టి ముఖానికి తడిగుడ్డ మార్చిన తర్వాతే మా ఇంట్లో పాలు పొయ్యి మీదికెక్కుతాయి. ఆరిపోయిన గోనెగుడ్డ తీసి, మట్టి మీద నీళ్ళు చిలకరించి, తడిపిన గుడ్డ చుట్టి, పైన ప్లాస్టిక్ కాగితం కట్టాలి. ఒక్కరోజు మరిచినా ముక్కు పక్కన పగులు వస్తుంది. పెళ్ళయిన ఈ ఇరవై రెండేళ్ళలో నాకు జ్వరం వచ్చిన రోజు కూడా ఆ పని ఆగలేదు. మా అత్త రెబెక్కమ్మ వరండాలో కూర్చుని, "బొమ్మకు స్నానం అయితేగానీ మనుషులకు కాఫీ రాదు మనింట్లో" అంటుంది. కాఫీ ఆమే పెట్టుకోవచ్చన్న ఆలోచన ఆమెకూ రాలేదు, నాకూ రాలేదు.

తోటపల్లి గూడూరు పోయే రోడ్డు పక్కన మా షెడ్డు. బోర్డు మీద "శిల్పి ఆనందబాబు" అని ఉంటుంది. మా ఆయన ముఖం చేస్తాడు. లోపల ఇనుప చువ్వలు కట్టడం, మట్టి పిసకడం, మెడ, భుజాలు, చెవులు, చొక్కా మడతలు, ప్లాస్టర్ అచ్చు తీయడం, ఫైబర్ వేయడం, గరుకు కాగితంతో రుద్దడం నా వంతు. విశాఖలో నేను ఫైన్ ఆర్ట్స్ చదివాను. లినోలియం ముక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం మీద అద్దే పనిలో మా బ్యాచ్‌లో నాకు సాటి లేదనేవారు. వచ్చినవాళ్ళకు మా ఆయన నన్ను "మా ఫ్లోరా, సాయంగా ఉంటుంది" అని చూపిస్తాడు. "ముఖానికి చెయ్యి తిరగాల. మిగతాదానికి ఓపికుంటే చాలు" అంటాడు. ఓపిక నా దగ్గర దండిగా ఉందని అందరికీ తెలుసు కాబట్టి ఆ బేరం అట్లాగే సాగిపోయింది.

అట్లాగని నన్ను ఏమీ తెలియనిదాన్ని అనుకోకండి. వచ్చినవాడు కొంటాడో, చూసి పోతాడో చెప్పులు విడిచే తీరులోనే పసిగట్టేదాన్ని నేనే. మా పనిలో ఒక పద్ధతి ఉంది. అచ్చు తీయకముందు పోయిన మనిషి తాలూకు వాళ్ళను పిలిచి మట్టి ముఖం చూపిస్తాం. వాళ్ళు ఔనంటేనే ప్లాస్టర్ కలుపుతాం. ఒకసారి నాయుడుపేట నుంచి ఒక మాస్టారి భార్య వచ్చి, పెదవులు ఆయనవి కావంది. తర్వాత గడ్డం కాదంది. తొమ్మిది రోజులు మార్చాక మట్టే పగిలింది. ఆ తర్వాత నేనే నియమం పెట్టాను: మట్టి చూడ్డానికి కొడుకులనో తమ్ముళ్ళనో పిలవాలి, భార్యను పిలవకూడదు. మగవాళ్ళు నాలుగడుగుల దూరంలో నిలబడి, ఫోటో వంకా బొమ్మ వంకా చూసి, సరే అంటారు. భార్య దగ్గరికొచ్చి చెయ్యి పెడుతుంది. చెయ్యి పెట్టినవాళ్ళతో పని తెమలదు. ఈ నియమం మా ఆయనది కాదు. నాదే. దీనికి నన్ను ఆయన చాలాసార్లు మెచ్చుకున్నాడు కూడా.

కిందటేడు జువ్వలదిన్నె నుంచి మాలకొండయ్య వచ్చాడు. అతని తమ్ముడు గిరిబాబు పడవ తిరగబడినప్పుడు ఇద్దరిని చెక్కకు అందించి, తాను అలల్లోకి పోయాడు. ఒడ్డుకు ఏమీ రాలేదు, కనీసం చొక్కా కూడా. హార్బరు దారిలో అతని బొమ్మ నిలబెట్టాలని ఊరంతా అనుకున్నారు. తెచ్చిన ఫోటో ఒక్కటే. గిరిబాబు ఫోను ముందుకు పట్టుకుని తనను తాను తీసుకున్నది. కుడి చెంప మీద దవడ దాకా గాటు. తాడు తెగి కొట్టిందట. పెళ్ళి ఫోటోలున్నాయి కానీ అప్పటికి ఆ గాటు లేదు.

ముఖం సగం అయ్యాక చొక్కా మొదలుపెట్టడానికి నేను ఫోటో చేతిలోకి తీసుకున్నాను. జేబు కుడివైపు ఉంది. మగవాళ్ళ చొక్కాకు జేబు ఎడమవైపు కదా ఉంటుంది. ముక్క మీద కుడివైపు చెక్కింది కాగితం మీద ఎడమవైపు పడుతుంది కాబట్టి, లినో చెక్కినవాళ్ళకు ఇది అర్థం కావడానికి క్షణం పట్టదు. కొన్ని ఫోన్లు అద్దంలో కనబడినట్టే తిప్పి దాస్తాయి. జేబు తిరిగితే గాటూ తిరిగినట్టే. ఆ గాటు ఎడమ చెంపది.

ఆయనకు చెప్పాను. చేతులకు మట్టితోనే నా వైపు తిరిగి, "మాలకొండయ్య నిన్న జూసి బాగుందన్నాడు. తోడబుట్టినవాడికి తెలీంది నీకు తెలుసునా?" అన్నాడు. జేబు సంగతి మళ్ళీ ఎత్తితే, "అయితే జేబు ఎడంపక్క పెట్టు, చొక్కా నీదేగా" అన్నాడు. పెట్టాను. ఎడమవైపు జేబు, కుడివైపు గాటు. ఫోటోకూ సరిపోని, మనిషికీ సరిపోని బొమ్మకు నా చేతులతోనే అచ్చు తీశాను. భార్యను పిలిపిద్దామని ఒక్కసారి అనిపించింది. నియమం నాదే కదా, మింగేశాను.

బొమ్మను తీసుకుపోయే రోజున వ్యాన్‌లో మాలకొండయ్యతో పాటు ఆమె కూడా వచ్చింది. మస్తానమ్మ. ఎవరూ రమ్మనలేదట, ఎక్కి కూర్చుందట. నేరుగా బొమ్మ దగ్గరికి వచ్చి, తన కుడి అరచేతిని దాని ఎడమ చెంపకు ఆనించింది. రోజూ పెట్టే చెయ్యి అని చూస్తేనే తెలిసింది. చెయ్యి అక్కడే ఉండిపోయింది. తర్వాత రెండో చెంప తడిమి చూసింది.

"ఇది ఆయన కాదు బావా" అంది.

మాలకొండయ్య ఫోటో తీసి చూపించాడు. ఫోటో కూడా తప్పేనంది. అప్పుడు మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఆయన పెదవి విరిచాడు. ఆమె వాళ్ళనందరినీ వదిలేసి నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నువ్వు చేసేదానివి గదా. నువ్వు జెప్పు. ఈ గాటు యాడుండాల?"

ఇన్నేళ్ళలో నువ్వు చేసేదానివి కదా అని నాతో అన్న మొదటి మనిషి ఆమె. జవాబు నా నాలుక మీదే ఉంది. వ్యాన్ ఇంజను తిరుగుతోంది. మా ఆయన నా వైపు చూస్తున్నాడు. "దుఃఖంలో అట్లాగే అనిపిస్తుందమ్మా. నాలుగు రోజులు పోతే అలవాటవుతుంది" అన్నాను.

అన్నం తినేటప్పుడు మా ఆయన, "బాగా సర్దినావు" అన్నాడు. మా అత్త నా కంచంలో ఇంకో చేపముక్క వేసింది.

ఈ జూన్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. జువ్వలదిన్నెలో చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళతో ప్రింట్లు చేయించి, వాళ్ళ షెడ్డు గోడకు అతికించాలట. "పో, సరదాగా నాలుగు బొమ్మలు అద్దుకొనిరా" అన్నాడు మా ఆయన.

పదిహేను మంది ఆడవాళ్ళు వచ్చారు. ఉప్పుతో పగిలిన వేళ్ళు. ఉలి పట్టుకోవడం మాత్రం నా కంటే బాగా వచ్చింది వాళ్ళకు. ఉషారాణి అనే ఆమె, సముద్రం వైపు ముక్కు పెట్టి పోతున్న పడవ ఒక్కదాన్నే చెక్కింది. సిరా పూసి, కాగితం పెట్టి, గరిటె వెనకతో రుద్దింది. కాగితం ఎత్తితే పడవ ముక్కు ఇటు, మేమున్న ఒడ్డు వైపు తిరిగి ఉంది.

"చూడండే, పోయే పడవను పంపిస్తే ఒడ్డుకొచ్చేసింది" అని నవ్వింది. అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే నవ్వు ఆపేశారు. పక్కనున్న ముసలామె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

నేను మస్తానమ్మ గురించి అడిగాను. రాదన్నారు. మొగుడి మొహమే గుర్తుపట్టలేనిదానికి చేపల వేలంపాట ఎట్టా అప్పజెప్పేదని మాలకొండయ్య హార్బరుకు పోనివ్వడం లేదట. ఆమె చేపల గంప కూడా తీసేసుకున్నారట. ఆమె మొదట్లో వాదించేదట. "కట్టుకున్నోడి మొహానికే తప్పు పడతాదే అని వాళ్ళత్త ఊరంతా జెప్పె. బొమ్మ జేసినామె గూడా దుఃఖంతో మతి చెడిందనిందంట గదా" అంది ఉషారాణి. ఆ బొమ్మ చేసినామె నేనేనని ఆమెకు తెలియదు.

నేను అన్నది అది కాదు. కానీ నేను అన్నది చేరిన చోట అదే అర్థానికి అమ్ముడుపోయింది. సరుకు చెయ్యి దాటాక దాన్ని ఎవరు ఎట్లా వాడుకుంటారో అమ్మినదానికి తెలిసి ఉండాలి. ఇరవై రెండేళ్ళ వ్యాపారంలో అదొక్కటి నేర్చుకోలేదు.

నేను లేచాను. ఉషారాణి పడవ చెక్కిన లినో ముక్కనూ, ఆమె తీసిన ప్రింటునూ చేతిలో పట్టుకుని, గిరిబాబు ఇంటికి తీసుకుపొమ్మన్నాను. ఆడవాళ్ళందరూ వెంట వచ్చారు. మాలకొండయ్య గడపలో వల బాగుచేస్తున్నాడు. గోడ మీద ఆ ఫోటోనే పెద్దది చేయించి, దండ వేసి ఉంది. మస్తానమ్మ లోపల బియ్యం ఏరుతోంది. నన్ను చూసి ఏరడం ఆపలేదు.

లినో ముక్కను, ప్రింటును పక్కపక్కన పెట్టి మాలకొండయ్యకు చూపించాను. ఫోను కూడా ఇట్లాగే తిప్పుతుందన్నాను. అతను నమ్మలేదు.

"నీ చొక్కాకు జేబు ఎటుంది అన్నా?" అన్నాను.

అతని చెయ్యి తనంతట తానే ఎడమ ఛాతీ మీదికి పోయింది. తర్వాత గోడ మీది ఫోటో వైపు చూశాడు. వెనక నిలబడిన ఆడవాళ్ళూ చూశారు. వల అతని ఒళ్ళోంచి జారింది.

"ఆమెకు మతి బాగానే ఉంది. తప్పు మాది. నాకు మట్టి దగ్గరే తెలుసు" అన్నాను.

అప్పుడు మస్తానమ్మ తలెత్తింది. "ఆ రోజు నేనడిగినప్పుడు గూడా తెలుసునా?"

"తెలుసు."

"ఆయన మొహం ఏందో నాకెప్పుడూ అనుమానం లేదు. నీకు తెలుసునని మాత్రం తెలీదు నాకు. అందుకే నేనే పిచ్చిదాన్నేమో అనుకున్న్యా. నువ్వు ఆడదానివి గదా, అబద్ధం జెప్పవనుకున్న్యా."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. మాలకొండయ్య లేచి, అటక మీది గంప దించి, ఆమె ముందు పెట్టాడు. రేపట్నుంచి పాటకు పోవచ్చు అని నసిగాడు. ఆమె చేట పక్కన పెట్టి, గంప చంకన పెట్టుకుని, "రేపెందుకు, పడవలు ఇప్పుడొస్తాండాయి గదా" అని చెప్పులేసుకుంది.

వాకిట్లో ఆమెను ఆపాను. మళ్ళీ చేస్తానన్నాను, ఈసారి ముఖం నేనే చేస్తాను, పక్కన కూర్చుని చెప్పమన్నాను. ఇంతకంటే నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు.

ఆమె తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంది. "ఆ గాటు ఇంకా నా చేతిలోనే ఉండాది తల్లీ. నీ మట్టికి అంటిస్తే నా చేతిలోంచి పోతాదేమో. వద్దు" అంది. అని, ఆడవాళ్ళ మధ్య నడుస్తూ హార్బరు వైపు పోయింది.

నేను బస్సు కోసం నిలబడ్డాను. మాలకొండయ్య అప్పటికే మా ఆయనకు ఫోను చేసి ఉంటాడు, నా ఫోను మోగింది.

"ఊళ్ళో నా పేరు పోగొట్టినావంట. ఏం జెప్పినావు వాళ్ళకు?" అన్నాడు మా ఆయన.

"నాకు కనబడింది చెప్పాను" అన్నాను.