కార్బరేటర్ కింద సింధూరం

ఆదివారం పొద్దున అశోక్‌నగర్‌లో మగవాళ్ళు పేపర్ చదువుకుంటారు, లేదా సంచి పట్టుకుని చిక్కడపల్లి మార్కెట్‌కు పోతారు. గోవర్ధన్ మాత్రం పళ్ళు తోముకోగానే టార్చి తీసుకుని కారు బానెట్ కింద తలదూర్చేవాడు. అది రెండే సీట్లున్న ఎర్ర స్పోర్ట్స్ కారు. వయసులో ఆయనకన్నా మూడేళ్ళు పెద్దది. ఏ మెకానిక్ ఏ సామాను మార్చేశాడో అని వారంవారం వెతుక్కుంటే తప్ప ఆయనకు టిఫిన్ సయించేది కాదు.

ఆ కారు దగ్గర ఎవరైనా అబద్ధమాడితే దాని వైపర్ ఒకసారి అటూ ఇటూ తిరిగి ఆగుతుంది, తాళంచెవి గోవర్ధన్ జేబులో ఉన్నా సరే. వీధిలో ఎవరికీ అదొక వింత కాదు. కూరగాయలమ్మే బుగ్గమ్మ తన తోపుడుబండిని నాలుగిళ్ళ అవతల ఆపుకునేది, అంతే.

మెకానిక్‌లకూ ఈ సంగతి తెలుసు. మాట్లాడాల్సి వస్తే "చాయ్ తాగుదాం రాండి సార్" అని ఆయన్ను నారాయణగూడ చౌరస్తా దాకా నడిపించి, అక్కడ నోరు విప్పేవాళ్ళు. దాంతో గోవర్ధన్ ఇంకో ఉపాయం పట్టాడు. కారును షెడ్డుకు పంపేముందు, ఆంజనేయస్వామి గుడి సింధూరాన్ని నూనెలో కలిపి, ఒక్కో సామాను కింద కనపడని చోట బొట్టు పెట్టేవాడు. బొట్టుతో తిరిగొస్తే అది మన సామానే. బొట్టు లేకపోతే మార్చేశారన్నమాట. నాలుగేళ్ళలో ఆరుగురు మెకానిక్‌లు దొంగలుగా తేలారు. ఇద్దరే నికార్సైనవాళ్ళు దొరికారు గానీ, పాపం, వాళ్ళ చేయి పడ్డాక కూడా కారు ఎందుకో సరిగ్గా కదిలేది కాదు.

2012 ఎండాకాలంలో పీరయ్య వచ్చాడు. పాలమూరు మనిషి, బర్కత్‌పురలో విద్యాసాగర్ షెడ్డులో పని. అంత పాత కార్బరేటర్ మీద చేయి తిరిగినవాడు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ మిగల్లేదు. అతను బాగుచేసి తెచ్చిన రోజు కారు నారాయణగూడ ఫ్లైఓవర్‌ను ఆగకుండా ఎక్కేసింది. పక్క సీట్లో భార్య జయశ్రీ పెళ్ళైన కొత్తలోలా నవ్వింది. గోవర్ధన్ నవ్వలేదు. ఇంత బాగా ఎందుకు నడుస్తోందని ఆయనకు గుబులు పట్టుకుంది. ఇంటికొచ్చి టార్చి వేసి చూశాడు. కార్బరేటర్ కింద బొట్టు లేదు.

వెంటనే విద్యాసాగర్‌కు ఫోన్ కొట్టాడు. "మీ పీరయ్య నా అసలు కార్బరేటర్ మార్చేసిండు. పనిల నుంచి తీసేస్తవా, నన్ను పోలీస్ స్టేషన్‌కు పొమ్మంటవా?"

గంటలో విద్యాసాగర్ స్కూటర్ మీద పీరయ్యను ఎక్కించుకొచ్చాడు. "సార్ మాట నిజమైతే నువ్వు ఇటునుంచి ఇటే ఊరికి పోవాలె" అన్నాడు అతనితో.

పీరయ్య చాయ్‌కి రమ్మనలేదు. నేరుగా కారు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"గది మీ కార్బరేటరే సార్. నేనేం మార్చలె."

అందరూ అద్దం వైపు చూశారు. వైపర్ కదల్లేదు. జయశ్రీ ఊపిరి పీల్చుకుంది.

"వైపర్ వైరు గూడ పీకేసినట్టున్నడు" అన్నాడు గోవర్ధన్.

ఇక తేల్చుకోవడానికి ఒక్కటే దారి. తానే ఒక అబద్ధం ఆడి చూడాలి. గోవర్ధన్ అబద్ధాలాడే మనిషి కాదు, వెంటనే ఏదీ తోచలేదు. కాసేపు తడుముకుని, నోటికొచ్చింది అనేశాడు.

"పీరయ్యా, నీ మీద నాకు పూర్తి నమ్మకమున్నది."

వైపర్ అటూ ఇటూ తిరిగి ఆగింది.

పీరయ్య తలవంచుకుని చేతిలోని మసిగుడ్డను మడతపెట్టాడు. సిగ్గుతో గోవర్ధన్ చెవులు వేడెక్కాయి.

"మరి సింధూరం బొట్టేమైంది?" అన్నాడు గొంతు తగ్గించి.

"నాకేమెరుక సార్, అది బొట్టని? పెట్రోల్‌ల నానబెట్టి బ్రష్‌తోని రుద్దిన. ఎర్రగ ఏదో మురికి పోయింది. కడగకపోతే సాఫ్ ఎట్లయితది?"

జయశ్రీ భర్త వైపు తిరిగింది. "అంటే బొట్టు చెరగకుండ తెచ్చినోళ్ళు దాన్ని విప్పనే లేదన్నట్టు. కడిగి పనిచేసినోళ్ళందర్నీ మీరు దొంగలన్నరు."

గోవర్ధన్‌కు తాను వెళ్ళగొట్టిన ఆరుగురి ముఖాలూ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. అందులో ఒకాయన గేటు దగ్గర ఏడ్చాడు కూడా.

విద్యాసాగర్ పీరయ్య భుజం తట్టాడు. "పా, షెడ్డుల మస్తు పనున్నది." పీరయ్య కొలువు అట్లా నిలిచింది.

ఇద్దరూ స్కూటర్ ఎక్కుతుంటే గోవర్ధన్ దగ్గరికి వెళ్ళాడు. "తప్పయింది పీరయ్యా. క్లచ్ జర జారుతున్నది. వచ్చే ఆదివారం వస్తవా?"

పీరయ్య మెత్తటి మనిషి. పెద్దమనిషి అంతగా అడిగితే మొహం మీద కాదనలేడు.

"వస్త సార్" అన్నాడు నవ్వి.

వెనక నుంచి కారు అద్దం మీద వైపర్ తిరిగిన చప్పుడు వినిపించింది. గోవర్ధన్ తిరిగి చూడలేదు.