ఉమ్మడి తూము

శుభ్రతను గురించి గొప్ప ఉపన్యాసం వినగోరే పాఠకులు ఏ మహాసభకూ వెళ్ళనక్కరలేదు. వానలు దగ్గరపడిన ఒక ఆదివారం ఉదయం ఈ ఇంటి డాబా మీదికి వచ్చి నిలబడితే చాలు. తూర్పు మెట్ల మీదుగా హెడ్మాస్టరుగారు, పడమటి మెట్ల మీదుగా ఆయన తమ్ముడైన బీమా ఏజెంటుగారు, చెరొక చీపురూ ధరించి, దండయాత్రకు వెడలిన చక్రవర్తుల వలె ప్రవేశిస్తారు. పెద్దవారు బడిలో పిల్లల గోళ్ళను స్వహస్తాలతో పరీక్షించే పరిశుభ్రతా ప్రవక్త. చిన్నవారు రాబోయే ఆపదల గురించి పరాయి కుటుంబాలను హెచ్చరించడమే వృత్తిగా గల దూరదర్శి. ఇద్దరి మధ్యా మాటలు లేవు. చీపుళ్ళ చప్పుడు మాత్రం ధారాళంగా ఉంది.

తండ్రి పోయిన తరువాత ఇల్లు పంచుకున్ననాడు డాబా మీద ముందు పిట్టగోడ నుండి వెనుక పిట్టగోడ దాకా ఎర్ర రంగుతో ఒక గీత గీయించారు. డాబా మీద పడిన వాననీరంతా బయటికి పోవడానికి వెనుక పిట్టగోడ అడుగున ఉన్నది ఒకే ఒక తూము. గీత సరిగ్గా దాని నడినెత్తి మీదుగా పోయింది. రాజ్యాలను విడదీసిన మహామంత్రులకు సైతం ఇంతటి సూక్ష్మదృష్టి ఉండి ఉండదు.

ఆనాటి నుండి ఒక పద్ధతి స్థిరపడింది. ఎవరి భాగాన్ని వారు గీత వరకు ఊడుస్తారు. గీత దగ్గర చీపురు ఆగిపోతుంది. ఎండుటాకులు, పావురాల రెట్టలు, ఈకలు, గాలికి ఎగిరివచ్చిన సంచులు అన్నీ ఆ గీత మీద గుట్టగా చేరతాయి. గీత ఎవరిదీ కాదు కనుక గుట్ట కూడా ఎవరిదీ కాదు. అన్నదమ్ములు మాత్రం ఋతువుకు తగిన విధిని ఏనాడూ తప్పలేదు. వేసవిలో తమ వైపు బీటలకు సిమెంటు పూస్తారు, చలికాలంలో తమ వైపు గోడలకు రంగు వేయిస్తారు. వీధిలో పోయేవారు ఆ ఇంటిని చూసి తమ ఇళ్ళను తిట్టుకునేవారు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత తెలియని అమాయకులు!

ఆ గీత కింద ఒక గది ఉంది. పంపకాల్లో ఎవరి వాటాకూ రాని ఆ నడిమి గదిలో వారి అక్కయ్య కుట్టుమిషను పెట్టుకొని నివసిస్తుంది. తల్లిలేని తమ్ముళ్ళిద్దరినీ ఆ మిషను తొక్కుతూనే పెంచిన మనిషి. బతికి ఉన్నంతకాలం ఆ గది నీదేనని వారు ఉదారంగా అనుగ్రహించారు. పైన కురిసిన వానను కూడా దానితోపాటే అనుగ్రహించారు.

ఏటా తొలివానకు గుట్ట కరిగి తూములోకి జారేది. నీరు నిలిచేది. గది కప్పు మీద మొదట తడి అరచేయి ఆనించినట్లు మచ్చ వచ్చింది. తరువాత ఆ మచ్చకు నల్లని నూగు మొలిచింది. ఆపైన పెచ్చులు ఊడి తుప్పు పట్టిన చువ్వలు పక్కటెముకల వలె బయటపడ్డాయి. గోడ ముట్టుకుంటే వేలికి జిగురు అంటేది. మంచం కోళ్ళ వద్ద తెల్లని పురుగులు మెదిలేవి. చచ్చిన ఎలుక, తడిసిన కుక్క కలిసి అక్కడ కాపురం పెట్టినట్లు వాసన. అక్కయ్యకు దగ్గు పట్టింది; దగ్గు ఆయాసమయింది. ఒకనాడు ఒక తల్లి కొత్త గౌను తిరిగి తెచ్చి, ఏమీ అనుకోవద్దని, పాప ఆ వాసనకు వేసుకోనంటున్నదని నెమ్మదిగా చెప్పి వెళ్ళింది.

అక్కయ్య పెద్ద తమ్ముణ్ణి అడిగింది. ఆయన నొచ్చుకున్నాడు.

"నా వైపు చూడక్కా. నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు."

చిన్న తమ్ముణ్ణి అడిగింది.

"నా వైపు ఒక్క ఆకు కనబడితే నన్నడుగు. మిగతాది ఆయన్నడగాలి."

చివరకు ఆమే ఒక తాపీమేస్త్రీని పిలిపించింది. తూములో పూడిక తీయడం ఎంత పని, కుళ్ళును ఎవరి మెట్ల మీదుగా దింపాలో చెప్పండన్నాడు అతడు. తన మెట్ల మీదుగా వీల్లేదని పెద్ద కోడలు, తన మెట్లు నిన్ననే కడిగించానని చిన్న కోడలు సెలవిచ్చారు. మేస్త్రీ తాపీ సంచిలో వేసుకొని వెళ్ళిపోయాడు.

ఆ వానాకాలం నడుమ డాక్టరు ఆమె వీపు మీద గొట్టం ఆనించి విని, ఆ బూజును ఇంకా పీలిస్తే ఊపిరితిత్తులు దక్కవనీ, గదైనా బాగుపడాలి లేదా మనిషైనా మారాలనీ స్పష్టంగా చెప్పాడు. అన్నదమ్ములు ముక్కులకు రుమాళ్ళు కట్టుకొని నడిమి గది గుమ్మంలో సమావేశమయ్యారు. ఏళ్ళ తరబడి పలకరించుకోని ఆ మహనీయులకు క్షణంలో ఏకాభిప్రాయం కుదిరింది: మనిషే మారాలి. ఊరి చివర ఒంటరి ఆడవాళ్ళ వసతిగృహం ఉండనే ఉంది. అక్కడి గాలి, వెలుతురు ఎంత శ్రేష్ఠమో తమ్ముడు వర్ణించగా, ఇదంతా నీ ఆరోగ్యం కోసమేనని అన్న ముగించాడు.

ఆమె మిషను మీద గుడ్డ కప్పింది. తరువాత, తప్పకుండా వెళ్తాను, ముందు మీరిద్దరూ నాతో డాబా మీదికి రండి అన్నది. ఎవరి మెట్ల మీదుగా అన్న ప్రశ్న తలెత్తే లోపలే దగ్గరున్న మెట్లు పట్టుకుంది. మెట్టు మెట్టుకూ ఆగి, గోడకు చేయి ఆనించి, ఊపిరి కూడదీసుకుంటూ ఎక్కింది.

పైన తూము చుట్టూ నల్లని నీరు మడుగు కట్టి ఉంది. దోమపిల్లలు తలకిందులుగా వేలాడుతున్నాయి. ఆమె కొంగు బిగించి మడుగులో చతికిలబడి, భుజం దాకా చేయి తూములోకి దూర్చింది. ముందు తారు వంటి ఆకుల ముద్ద వచ్చింది. సంచులు వచ్చాయి. ఆ వెనుక ఒక పావురం, సగం ఈకలు, సగం పురుగులు. ఒక్కొక్కటీ లాగి పక్కన పడవేసింది. మడుగు ఒక్క త్రేన్పు త్రేన్చి, సుడి తిరిగి, గొట్టంలోకి దూకింది.

అన్నదమ్ములు చిందులు పడకుండా వెనక్కి జరిగారు. హెడ్మాస్టరుగారు ప్యాంటు అంచులు పైకి లాక్కొని, కుళ్ళుకుప్పను, గీతను మార్చి మార్చి చూశారు.

"అక్కా, అది నా వైపు వేశావేంటి?"

ఏజెంటుగారు తృప్తిగా తల ఆడించారు. న్యాయం జరిగినందుకు కాబోలు.

ఆమె లేచి నిలబడింది. మోచేతి నుండి నలుపు కారుతోంది. గొంతు మాత్రం పెరగలేదు.

"ఒరేయ్ పెద్దోడా, చిన్నోడా, ఇన్నేళ్ళూ మీరు ఊడ్చింది డాబా కాదురా. మీ చెత్తని నా గుండెల మీదికి ఊడ్చారు. మీ ఇద్దరి ఒంటి మీదా మరక లేదు. నాకు మాత్రం ఊపిరాడటం లేదు. ఇదేం శుభ్రంరా?"

ఆ సాయంత్రమే ఆమె మిషనును తోపుడుబండి మీద వేయించుకొని వెళ్ళింది, వసతిగృహానికి కాదు. ఎప్పుడూ ఆమెకు బొత్తాలు, దారాలు అమ్మే ఆవిడ తన కొట్టు వెనుక ఎండ పడే గదిని చూపించి, ఇద్దరం కలిసి ఊడ్చుకుందాం రమ్మని పిలిచింది. చలి మొదలయ్యేసరికి ఆమె దగ్గుకు ఆగకుండా ఒక జాకెట్టు పూర్తిగా కుట్టగలిగింది.

డాబా మీద ఆ కుప్ప ఎవరు తీయాలన్న విషయం నేటికీ తేలలేదు. తరువాతి వానలకు అది మళ్ళీ తూములోకే జారింది. తాళం పడిన నడిమి గదిలో పీల్చేవారు లేక, చెమ్మ ఇటు హెడ్మాస్టరుగారి పుస్తకాల బీరువాలోకి, అటు ఏజెంటుగారి పడకగదిలోకి తీరికగా నడిచివచ్చింది. ఇద్దరూ తమ వైపు గోడకు మాత్రమే రంగు వేయించుకుంటున్నారు.

పాఠక మహాశయులారా, చెమ్మకు వాటాలు తెలియవు. ఎవరిదీ కాని చోటును కుళ్ళనిచ్చి తన ముంగిలి మాత్రం మెరిపించుకునేవాడు శుభ్రమైన మనిషి కాడు. తన మురికిని మరొకరి ఊపిరిలోకి నెట్టిన మనిషి.